మానసిక ఆస్పత్రి అంటే మన పిల్లలకు ఎందుకంత భయం?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అంటే మనకు పండగ. పొద్దున్నుంచి థింసా చూశాం, డప్పు విన్నాం, అల్లూరి సీతారామరాజుని, గాం గంటం దొరని, మల్లు దొరని తలుచుకున్నాం. ఇలాంటి రోజున మానసిక ఆస్పత్రి గురించి మాట్లాడతామని చెబితే కార్యదర్శి గారు కాస్త తటపటాయించి, "మేడం, అది ఇవాళే అవసరమా?" అన్నారు. ఇవాళే అవసరం అన్నాం. ఇంతమంది తల్లిదండ్రులు, హాస్టల్ పిల్లలు, ఊరి పెద్దలు, గురువులు, దిసారులు ఒకే పందిరి కింద మళ్లీ వచ్చే ఆగస్టు దాకా మాకు దొరకరు.

మేము, మేము అంటున్నాం కదా, ఎవరని అడుగుతారేమో. వార్డెన్, మేట్రన్, ఏఎన్ఎం, వంటామె, రాత్రి కాపలా ఉండే ఆమె. హాస్టల్ నడిచేది ఈ ఐదుగురి మీద. మాట్లాడేది వార్డెనే అయినా, చెప్పే సంగతులు ఐదుగురివీ.

హాస్టల్ రిజిస్టరులో చివర రిమార్కుల గడి ఒకటి ఉంటుంది. పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే అక్కడ ఒక ముక్క రాస్తారు. "పెళ్లి అయింది." "పండక్కి ఇంటికి వెళ్లింది, తిరిగి రాలేదు." "ఆరోగ్యం బాగోలేదు." ఆ మూడో ముక్క దగ్గర ఎప్పుడైనా ఆగి చూశారా? ఏ ఆరోగ్యం? మలేరియా అయితే మలేరియా అని రాస్తారు. కామెర్లయితే కామెర్లని రాస్తారు. పేరు లేకుండా "ఆరోగ్యం" అని మాత్రమే రాసి ఉందంటే, ఆ పిల్ల రాత్రిళ్లు నిద్రపోలేదనో, తనలో తను మాట్లాడుకుందనో, అన్నం ముట్టలేదనో, బతకాలని లేదని స్నేహితురాలితో అందనో అర్థం. అది రాయడానికి చెయ్యి రాదు. రాస్తే పిల్ల బతుకు మీద ముద్ర పడుతుందని అందరికీ భయమే.

మేమూ ఇలాంటి హాస్టళ్లలో చదువుకుని వచ్చినవాళ్లమే. బి.ఎడ్.లో ఎడ్యుకేషనల్ సైకాలజీ అని ఒక పేపరు ఉండేది. ఫ్రాయిడ్, పియాజే, పది మార్కుల ప్రశ్న. మంచి మార్కులే వచ్చాయి. రాత్రి రెండింటికి మంచం దిగి గోడవైపు తిరిగి మాట్లాడుతున్న పిల్ల దగ్గరికి ఎలా వెళ్లాలో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

ఇప్పుడు ఒక పిల్ల సంగతి చెబుతాం. పేరు, ఊరు, ఏ సంవత్సరమో చెప్పం. ఏ ఆస్పత్రో కూడా చెప్పం. ఆమెకు ఆ మాట ఇచ్చాం. "మిగతాది చెప్పండి మేడం, ఇంకెవరికైనా పనికొస్తుంది" అని ఆమే అంది కాబట్టి చెబుతున్నాం.

డిగ్రీ మొదటి సంవత్సరం. 19 ఏళ్లు. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లి పది రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పటి నుంచి మనిషి మారింది. మారిందని మాకు వెంటనే తెలియకుండా చాలా తెలివిగా నడుచుకుంది. పక్కమంచం పిల్ల నవ్వితే తనూ నవ్వేది. అన్నం పళ్లెంలో పెట్టించుకుని, సగం ఇంకొకరి పళ్లెంలోకి తోసేది. నిద్ర లేక కళ్లు ఎర్రబడితే "చదివాను మేడం" అనేది. ఏఎన్ఎం దగ్గరికి వెళ్లి తలనొప్పి మాత్ర అడిగేది. ఇచ్చాక, "రిజిస్టరులో రాయొద్దక్కా" అనేది. తలనొప్పి మాత్ర రాయొద్దని ఏ పిల్లా అడగదు. మా ఏఎన్ఎంకి అక్కడే అనుమానం వచ్చింది.

ఆ పిల్లతో మాట్లాడగలిగింది మాత్రం మా రాత్రి కాపలా ఆమె. పెద్దగా చదువుకోలేదు. కానీ ఆ పిల్ల భాష ఆమెకు వచ్చు. రోజూ రాత్రి పక్కన కూర్చుని తల దువ్వేది. ఏమీ అడిగేది కాదు. నాలుగో రోజో ఐదో రోజో ఆ పిల్లే అడిగిందట: "నన్ను వాల్తేరు పంపేయమంటే చెప్తాను."

ఈ మాట గమనించండి. తనకు ఏదో జరుగుతోందని ఆ పిల్లకు తెలుసు. కొండమీంచి ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపిస్తోంది. ఇది మామూలు కాదని తెలుసు. చెప్పాలనీ ఉంది. ఆమె నోరు నొక్కేస్తున్నది జబ్బు కాదు, ఆస్పత్రి పేరు. విశాఖ వైపు వాళ్లకు వాల్తేరు, హైదరాబాదు వైపు వాళ్లకు ఎర్రగడ్డ. ఊరి పేర్లు తిట్లయిపోయాయి. పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోడానికి అంటారు, పెద్దలు విసుగొచ్చి అంటారు. "అల్లరి చేస్తే వాల్తేరు బండి ఎక్కిస్తా" అని హాస్టళ్లలో అనే సిబ్బందిని మేము విన్నాం. సరదాకే అంటారు. కానీ ఆ గదిలో వంద మంది పిల్లలుంటే, వారిలో ఏ ఒక్కరో ఆ మాటని సరదాగా తీసుకోలేని స్థితిలో ఉంటారు. ఆ పిల్ల ఆ రాత్రి నుంచి దాచడం మొదలుపెడుతుంది.

"పంపం" అని మాట ఇవ్వమంటే మేము ఇవ్వలేదు. ఇస్తే అది అబద్ధం అయ్యేది. ఒకసారి అబద్ధం అయితే ఇక ఆ పిల్ల మమ్మల్ని నమ్మదు. "నీకు తెలీకుండా ఎక్కడికీ తీసుకెళ్లం. వెళ్లాల్సి వస్తే మాలో ఒకరం నీ పక్కనే ఉంటాం" అన్నాం. తర్వాత ఇంకొకటి అడిగాం. "అక్కడ ఏముంటుందనుకుంటున్నావు? మొత్తం చెప్పు."

ఆమె చెప్పింది. కరెంటు షాకు పెడతారు. జుట్టు కత్తిరించేస్తారు. మంచానికి కట్టేస్తారు. ఒకసారి లోపలికి వెళ్తే సంతకం చేసి తీసుకెళ్లేవాళ్లు లేకపోతే అక్కడే ఉండిపోవాలి. నాన్నకి తెలిస్తే చదువు మానిపించేస్తాడు. చెల్లికి సంబంధాలు రావు. ఇవన్నీ అందరూ చెప్పేవే. ఆఖర్న, గొంతు తగ్గించి చెప్పింది అసలు సంగతి: "నా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు కదా మేడం. నా పెట్టె బయట పెట్టేస్తారు కదా."

హాస్టల్లో పెరగని వాళ్లకు ఇది చిన్న విషయం అనిపించొచ్చు. మన పిల్లకు ఆ ఇనుప మంచం, దాని కింద తాళం వేసిన ట్రంకు పెట్టె, అంతే ప్రపంచం. ఆ నెంబరు కోసం సీటు లిస్టులో పేరు చూసుకుని, ఐటిడిఎ చుట్టూ తండ్రి నాలుగుసార్లు తిరిగి సంపాదించుకుంది. అది పోతే తిరిగి ఊరే. ఊరంటే ఇష్టం లేక కాదు, చదువు పోయి ఊరు చేరడం వేరు. లోపల ఏం చేస్తారో అన్న భయం కన్నా, బయటికి వచ్చాక నిలబడే చోటు ఉండదన్న భయమే పెద్దదని మాకు ఆ రోజు అర్థమైంది. మొదటి భయానికి డాక్టర్లు జవాబు చెప్పాలి. రెండోదానికి జవాబు మన చేతిలోనే ఉంది. ఆమె మంచం మీద ఆమె దుప్పటే పరిచి ఉంచుతామన్నాం. పెట్టె తాళంచెవి ఆమె మెడలోని తాడుకే కట్టాం. మర్నాడు ఉదయం బస్సు ఎక్కడానికి ఒప్పుకుంది.

మొదటి భయం గురించి కూడా చెప్పాలి. దాన్ని కొట్టిపారేయకండి. అది గాల్లోంచి పుట్టింది కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1912 చట్టంలో, వీళ్లని పిలిచిన పేరే వెర్రివాళ్లని. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపల పెట్టడమే ఆ చట్టంలో ప్రధాన మార్గం. 1987లో చట్టం మారింది, అయినా గొలుసులు అన్నిచోట్లా పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది లేచి పరుగెత్తలేక చనిపోయారు. అది ఆస్పత్రి కాదు, దర్గా దగ్గర ప్రైవేటుగా నడిపిన వసతి. కానీ జనం మనసులో అన్నీ ఒకటే. ఇలాంటివి విన్నవాళ్ల భయాన్ని మూర్ఖత్వం అనలేం.

ఇప్పుడున్నది 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 నుంచి అమల్లో ఉంది. మేము దాన్ని తెచ్చుకుని, మేట్రన్‌తో కలిసి సాయంత్రాలు కూర్చుని చదివాం. ఆ పిల్ల చెప్పిన ఒక్కో భయానికీ అందులో జవాబు ఉండటం మాకే ఆశ్చర్యం వేసింది. గొలుసులు వేయడం ఏ రూపంలోనూ కూడదు. బలవంతంగా గుండు చేయకూడదు. అవును, ఆ మాట చట్టంలో రాసే ఉంది. ఆస్పత్రి బట్టలే వేసుకోవాలని బలవంతం చేయకూడదు, మన బట్టలు మనం వేసుకోవచ్చు. కరెంటు చికిత్స సినిమాల్లో చూపించినట్టు, మెలకువగా ఉన్న మనిషిని నలుగురు పట్టుకుని ఇవ్వడం నిషేధం. కొన్ని తీవ్రమైన జబ్బులకే వాడతారు, అదీ మత్తు మందు, కండరాలు సడలే మందు ఇచ్చాకే. 18 ఏళ్లలోపు పిల్లలకైతే అది చేయనే కూడదు. తప్పదని సైకియాట్రిస్టు అనుకున్నా, సంరక్షకుల ఒప్పుకోలుతో పాటు రివ్యూ బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి.

18 నిండిన విద్యార్థి తనంతట తాను చేరితే, వెళ్లిపోతానని అడిగి వెళ్లిపోవచ్చు. ఆ సమయానికి ప్రాణానికి ముప్పు ఉందని అనుమానం వస్తే, పరీక్షించడానికి 24 గంటలు ఆపే అధికారం మాత్రం ఆస్పత్రికి ఉంది. మనిషి ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు, తనకు గాని ఇతరులకు గాని హాని చేసే పరిస్థితి ఉన్నప్పుడు, లేదా తనను తాను చూసుకోలేనప్పుడు, తన తరఫు మనిషి అడిగితే చేర్చుకోవచ్చు. దానికీ ఇద్దరు విడివిడిగా చూసి చెప్పాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. అలా చేర్చుకున్నా మొదట 30 రోజులకి మించకూడదు. ఆడవాళ్లనైతే చేర్చిన 3 రోజుల్లోగా రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. అన్యాయంగా ఉంచారనిపిస్తే ఆ బోర్డుకే చెప్పుకోవచ్చు. చిన్నపిల్లలైతే పెద్దవాళ్ల వార్డులో కలిపి ఉంచకూడదు. చేర్పించినవాళ్లలో ఒకరు చేరిన రోజు నుంచి ఇంటికి పంపే దాకా పక్కనే ఉండాలి. ఆడపిల్ల తరఫు మనిషి మగవారైతే, పక్కన ఉండటానికి ఒక ఆడమనిషిని పెట్టాలి. ఇవన్నీ హక్కులు. అయితే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన వార్డులో ఉంటుందని మేము అనుకోం. అడిగేవాళ్లు పక్కన ఉంటేనే ఉంటుంది. అందుకే మేము చదివింది.

ఇంకో సంగతి. ఆస్పత్రికి వెళ్లడం, ఆస్పత్రిలో చేరడం ఒకటి కాదు. చాలామంది ఓపీలో చూపించుకుని, మందుల చీటీ పట్టుకుని అదే సాయంత్రం బస్సుకి తిరిగి వస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పిల్లలు నెలల తరబడి నోరు మూసుకుని ఉన్నారో.

మన పిల్లని మాత్రం చేర్చుకున్నారు. పాడేరు నుంచి ఘాట్ దిగి వంద కిలోమీటర్లు దాటి వెళ్లాం. దారంతా వాంతులు. ఎర్ర బస్సు ఘాట్ దిగుతుంటే మాకే తల తిరుగుతుంది, ఆమె సంగతి చెప్పక్కర్లేదు. డాక్టరు, ఆడమనిషే, ముందు రక్త పరీక్షలు రాశారు. తర్వాత గంటసేపు మాట్లాడారు. నాలుగు రోజులు ఉండి చూద్దామా అని ఆ పిల్లనే అడిగారు. ఆమె మా వైపు చూసింది. మేము తల ఊపలేదు, అడ్డంగా ఆడించనూ లేదు. కాసేపటికి ఆమే సంతకం పెట్టింది. తల్లి ఆ రాత్రికి చేరుకుంది. ఉన్నది 12 రోజులు.

అక్కడ బాగుందని అబద్ధం చెప్పం. చెబితే రేపు వెళ్లిన పిల్ల మమ్మల్ని తిట్టుకుంటుంది. గేటుకి తాళం ఉంది. ఫోన్ తీసుకుని రోజుకి కాసేపే ఇచ్చారు. రాత్రి పక్క వార్డులో ఎవరో అరిస్తే భయమేసిందంది. మొదటి మూడు రోజులు మందులకి మత్తుగా, నోరు ఎండిపోయి, కాళ్లు బరువుగా ఉన్నాయంది. రాగి అంబలి లేదు, సాంబారు సహించలేదు. అన్నిటికన్నా కష్టమైంది తల్లికి. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. నర్సు గట్టిగా చెబితే అర్థమవుతుందనుకుంటుంది, ఈమె తిడుతున్నారనుకుంటుంది. మేము ఫోనులో మధ్యన మాట్లాడుతూ వచ్చాం. జుట్టు ఎవరూ ముట్టుకోలేదు. కట్టేయలేదు. షాకు ఇవ్వలేదు. ఐదో రాత్రి ఆరు గంటలు నిద్రపోయింది. "ఎన్నాళ్లకో" అని తల్లి ఫోనులో ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి దుప్పటి మంచం మీదే ఉంది. మెడలోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచి చూసుకుంది, మళ్లీ మూసింది. ఆ పిల్లతో మిగతావాళ్లు ఎలా ఉండాలని మేము ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "ఒంట్లో బాగోక ఆస్పత్రికి వెళ్లొచ్చింది, ఇంకా మందులు వాడాలి" అన్నాం, అంతే. జబ్బు పేరు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం కూడా ఆ చట్టంలోనిదే. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్పుకి ఇబ్బంది కాబట్టి, సర్టిఫికెట్లో జబ్బు పేరు లేకుండా "చికిత్సలో ఉన్నారు" అని రాసివ్వమని డాక్టరుని అడిగాం, రాసిచ్చారు. ఇదే సందర్భం వచ్చినప్పుడు ఒక కళాశాల, పేరొద్దు, ఇంకో పిల్లను "పూర్తిగా నయమైందని రాయించుకుని రా, అప్పటిదాకా రావద్దు" అంది. షుగరు ఉన్న లెక్చరరుని ఎవరైనా అలా అడుగుతారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ఆ కారణంగా చదువు దగ్గర వివక్ష చూపకూడదు.

మన పిల్ల ఇప్పటికీ మందులు వాడుతోంది. పూర్తిగా బాగుందా అంటే, ఒక సెమిస్టరులో రెండు సబ్జెక్టులు మిగిలాయి, ఒకసారి తనంతట తాను మాత్రలు ఆపేసి వారం రోజులు ఇబ్బంది పడింది. మళ్లీ పిలుపు వినిపిస్తే ఎవరికి చెప్పాలో తెలుసంది. మాకు అది చాలు.

మన గురువుల గురించి, దిసారుల గురించి ఒక మాట చెప్పాలి. ఆ పిల్లకి సంక్రాంతి సెలవుల్లో ఊళ్లో కోడిని కోసి పూజ చేయించారు. దాన్ని మేము తప్పుపట్టం. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి ఒక మనిషి కోసం రాత్రంతా మేలుకోవడం కూడా ఊరటే. కానీ "చిల్లంగి పెట్టారు" అనే మాట దగ్గర ఆగండి. చిల్లంగి అన్నాక, పెట్టింది ఎవరనే ప్రశ్న వస్తుంది. ఆ వేలు ఎక్కడికి వెళుతుందో మీకు మేము చెప్పాలా? భర్త పోయిన ముసలమ్మ దగ్గరికి, ఊరి చివర ఒంటరిగా ఉండే మనిషి దగ్గరికి. మన మన్యంలో ఆ అనుమానంతో కొట్టడాలు, చంపడాలు జరిగాయి. ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు. మన పిల్లకి కూడా చిన్నత్త మీద అనుమానం పెట్టారు. పిల్లకి మందులతో నిద్ర పట్టాక ఆ అనుమానం దానంతటదే చప్పబడింది. జబ్బుకి దాని పేరు దొరికితే ఇద్దరు బతుకుతారు, ఆ పిల్లా, ఆ అత్తా.

"మా కాలంలో ఈ జబ్బులు లేవు" అని పెద్దలు అంటారు. ఉన్నాయి. వేరే పేర్లతో ఉన్నాయి. మలేరియా సంగతి గుర్తు తెచ్చుకోండి. మలేరియా మెదడుకి ఎక్కి పిల్లలు కలవరిస్తే గాలి సోకిందనేవాళ్లం. ఇప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదు, వేలు పొడిచి రక్తం తీయమని మనమే ఏఎన్ఎం వెంట పడుతున్నాం. ఆ అలవాటు ఇక్కడా పనికొస్తుంది. పిల్ల ఉన్నట్టుండి మాట తడబడితే, జ్వరం ఉంటే, ముందు పీహెచ్‌సీకే తీసుకెళ్లండి. మలేరియా, టైఫాయిడ్, ఫిట్స్ కూడా మనిషిని అలా చేస్తాయి. రక్తహీనత, థైరాయిడ్ కూడా నీరసాన్ని, దిగులుని తెస్తాయి. అవన్నీ చూశాకే మనసు సంగతి.

ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే ప్రతి పిల్లనీ డాక్టరు దగ్గరికి పట్టుకుపొమ్మని మేము అనడం లేదు. ఐదో తరగతి పిల్ల మొదటి నెలంతా ఏడుస్తుంది, ఇంటర్ పిల్ల పరీక్షల ముందు అన్నం మానేస్తుంది. దానికి పక్కన కూర్చునే మనిషి చాలు, ఆదివారం ఫోను చాలు. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, తిండి రాకపోతే, ఎవరికీ వినపడనివి వినిపిస్తుంటే, తన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, బతికి ఏం లాభం అంటుంటే ఆగకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని తిన్నగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అలాంటి రాత్రి పిల్లని ఒంటరిగా వదలకండి. ప్రాణం తీసుకోబోయిందని బయటపడితే పోలీసు కేసవుతుందని దాచేస్తుంటారు. అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అని 2017 చట్టం 115వ సెక్షను చెబుతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లడమే పని.

14416. ఈ నెంబరు రాసుకోండి. టెలిమానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది, కేంద్ర ప్రభుత్వానిది. రాత్రీపగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసినంత మాత్రాన బండి వచ్చి ఎత్తుకుపోదు. అవతల వినే మనిషి ఉంటారు, అవసరమైతే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెబుతారు. మా పిల్లలకి ఈ నెంబరుతో ఒక చిక్కు వచ్చింది. హాస్టల్లో ఫోన్లు వార్డెన్ గదిలో ఉంటాయి. ఫోన్ కావాలంటే ఎందుకని అడుగుతాం. ఎందుకో చెప్పగలిగితే ఆ నెంబరు అక్కర్లేదు కదా! అందుకని చదువుకునే హాలు పక్కన చిన్న గదిలో ఒక పాత కీప్యాడ్ ఫోన్ పెట్టాం. ఆ నెంబరుకి చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. సిగ్నలు మాత్రం కిటికీ దగ్గరే దొరుకుతుంది, అది మన కొండల సంగతి.

సంఘానికి మా విన్నపం ఒక్కటే. విశాఖలో కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది. కాన్పుకి, ఆపరేషనుకి వెళ్లిన మనవాళ్లకి అక్కడ దారి చూపే మనిషి దొరుకుతారు. మనసు జబ్బుతో వెళ్లే పిల్లకీ, తెలుగు రాని ఆమె తల్లికీ అలాంటి తోడు కావాలి. ప్రభుత్వం పెట్టేదాకా ఆగకుండా మనమే మొదలుపెట్టొచ్చు. కువి వచ్చినవాళ్లు, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్లు, విశాఖలో చదువుకుంటున్న మన పిల్లలు, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఇరవై మంది పేర్లిస్తే చాలు. ఫోనులో అటూ ఇటూ మాట చెప్పడానికి కొందరు, బస్టాండు నుంచి ఓపీ దాకా వెంట వెళ్లడానికి కొందరు. ఏ పిల్ల కోసం వెళుతున్నారో ఇంటికెళ్లి చెప్పని మనుషులు కావాలి, అదొక్కటే నియమం.

టీ ఇస్తున్న పందిరి పక్కన బల్ల మీద నోటుపుస్తకం పెట్టాం. మా మేట్రన్ అక్కడే కూర్చుని ఉంది. పేరు, ఫోన్ నెంబరు, వచ్చిన భాషలు రాయండి. ఆఖరి బస్సు నాలుగున్నరకి, అందాకా ఆమె కదలదు.